గుమ్మముపై రెండు తీగలు

నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్ నగర్ వీధులలో ఆవరణ గల పాత ఇండ్లు ఇంకను కొన్ని నిలిచియున్నవి. ప్రహరిగోడ, ఇనుప గేటు, గేటుపై వంపు తిరిగిన కమాను, ఆ కమానుపై అల్లుకొన్న పూలతీగ, ఇవి అట్టి ఇండ్ల గుర్తులు. ఆ తీగ తరచుగా రెంటిలో ఒకటియై యుండును: రాధామనోహరమో, కాగితపుపూల తీగయో. రెండును కన్నులపండువైనవే. కాని వీని పుట్టినిండ్లు వేరు, చరిత్రలు వేరు, ఆకలిదప్పులు వేరు. ఆ భేదము నెరుగక ఒకదానికి చేయవలసిన సేవ రెండవదానికి చేసి, పూయలేదని విచారించు గృహస్థులు పెక్కుమంది కలరు. వీని పూర్వకథను కొంత చెప్పుకొన్నచో పెంపకపు మర్మము సులభముగా బోధపడును.

రాధామనోహరము ఆసియా ఖండపు ఉష్ణదేశములకు చెందినది. ఇంగ్లీషువారు దీనిని రంగూన్ తీగ యందురు. దీని శాస్త్రనామము వెనుక ఒక విద్వాంసుని దుఃఖగాథ యున్నది. రంఫియస్ అను జర్మను పండితుడు డచ్చి ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, నేటి ఇండొనీషియాలోని అంబాన్ దీవిలో స్థిరపడెను. 1670లో ఆయనకు చూపు పోయెను. 1674లో సంభవించిన భూకంపమున భార్యయు, కుమార్తెయు మరణించిరి. అయినను ఆయన తాను చెప్పుచు ఇతరులచే వ్రాయించి, ఆ దీవి మొక్కలపై బృహద్గ్రంథమును పూర్తిచేసెను. 1702లో ఆయన కన్నుమూయగా, ఆ గ్రంథము 1741లో గాని వెలువడ నారంభింపలేదు.

మలై భాషలో ఈ తీగ పేరు ‘ఉదాని’. ఆ ధ్వని డచ్చి భాషలో ‘ఎట్టిది’ అను అర్థమిచ్చు మాటకు దగ్గరగా నుండుటచే, రంఫియస్ చమత్కారముగా దానిని లాటినులోనికి మార్చి ‘క్విస్‌క్వాలిస్’ అనెను. ‘ఎవరు? ఎట్టిది?’ అని దాని భావము. 1762లో లినేయస్ ఆ పేరునే స్వీకరించెను. ఇటీవలి శాస్త్రజ్ఞులు దీనిని ‘కాంబ్రెటమ్’ అను ప్రజాతిలో చేర్చిరి గాని, ఆ ప్రశ్న దీనికి తగినదే. లేతప్రాయమున ఇది పొదవలె నిలిచి, పిదప తీగయై ప్రాకును. పూవు సాయంకాలము తెల్లగా విచ్చుకొని, మరునాడు గులాబివన్నెకు దిగి, ఆ పిమ్మట ఎఱ్ఱబారును. తెల్లని పూల పరిమళమునకు రాత్రి శలభములు వచ్చును. రంగెక్కిన పూలకు పగటివేళ తేనెటీగలు, సీతాకోకచిలుకలు వచ్చును. విదేశీయ పండితుడు ప్రశ్నగా చూచిన పూవును మన తెలుగువారు రాధకు మనోహరమైనదిగా చూచిరి.

కాగితపుపూల తీగ సముద్రములు దాటి వచ్చిన అతిథి. దాని జన్మభూమి దక్షిణ అమెరికా. 1766లో బూగన్‌విల్ అను ఫ్రెంచి నావికాధిపతి భూప్రదక్షిణమునకు బయలుదేరెను. ఆయన వెంట కామెర్సన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు పోయెను. ఆ శాస్త్రజ్ఞునికి సహాయకుడుగా పురుషవేషమున ఓడ యెక్కిన వ్యక్తి జాన్ బారే అను స్త్రీ. ఫ్రెంచి నౌకాదళపు ఓడలపై స్త్రీలకు ప్రవేశము నిషిద్ధమైన కాలమది. 1767లో ఓడలు బ్రెజిల్ దేశపు రియో రేవున నిలిచినప్పుడు ఈ తీగ వారి కంటబడెను. అప్పుడు కామెర్సన్ కాలి పుండుతో బాధపడుచుండెను గనుక, కొమ్మను కోసి తెచ్చినది ఆమెయే యని కొందరు చరిత్రకారుల ఊహ. భూమిని చుట్టివచ్చిన తొలి స్త్రీగా చరిత్ర ఆమెను నేడు గుర్తించుచున్నది. పూవునకు మాత్రము నాయకుని పేరే నిలిచినది. 1789లో జుస్యూ అను శాస్త్రజ్ఞుడు ఆ పేరును గ్రంథస్థము చేసెను. ఆ బూగన్‌విలియాయే మన కాగితపుపూవు.

మనము పూరేకులని భ్రమించునవి నిజమునకు రంగు పట్టిన ఆకులు. ఆ మూడు ఆకుల నడుమ సన్నని గొట్టమువలె నుండు లేతవన్నె పూవే అసలు పూవు. కాగితమువలె పలుచగా, ఎండినను రంగు విడువక యుండుటకు కారణమిదియే. మన పెరటి చంద్రకాంత, బీళ్లలో ప్రాకు అటికమామిడి దీనికి చుట్టములు. రాధామనోహరమునకు చుట్టములెవ్వరన్నచో, మన అడవులలోని మద్ది, కరక, తాని వృక్షములు. ఒకటి ఎండకు పుట్టిన కుటుంబము, రెండవది తేమ నాశించు తీగ అని గ్రహించిన యెడల సగము తోటపని తెలిసినట్లే.

ఇక మన నగరము మాట. హైదరాబాదు నేల రాతినేల. ఏటా కురియు వర్షము సుమారు 80 సెంటీమీటర్లు. అందులో అధికభాగము నాలుగు నెలలలోనే కురిసిపోవును. పూర్వము నగరమునకు హుస్సేన్ సాగరు, మీరాలము చెరువు, ఇంటింటి చేదబావులు ఆధారము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచివేసిన పిదప, 1912లో నగరాభివృద్ధి కొరకు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడెను. వరదను అరికట్టుటకును, నీటి నిచ్చుటకును 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు సిద్ధమయ్యెను. అవియు చాలక 1965లో మంజీరా నీరు, 2004లో కృష్ణా నీరు తేవలసివచ్చెను. కృష్ణా జలము నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి, ఎత్తులెక్కి మన కుళాయికి చేరుచున్నది.

ఈ లెక్క పూలతీగకు ఏల యని అడుగవచ్చును. బావిగట్టు, స్నానపు నీరు పారు కాలువ ఉన్న పెరటిలో రాధామనోహరమునకు వేరుగా నీరు పోయ నక్కర లేకుండెను. ఇంటివారు వాడి విడిచిన నీరే దానికి ఆహారము. నేడు ఆ నీరు గొట్టములలో పడి మురుగుకాలువకు పోవుచున్నది. ఆ తీగ దప్పి తీర్చుటకు దూరపు నదుల నీటిని వాడవలసివచ్చుచున్నది. కావున ఏ తీగను పెంచవలెనను ప్రశ్న అందమునకు సంబంధించినది మాత్రమే కాదు. నీటికిని, చోటుకును సంబంధించినది.

కాగితపుపూల తీగకు కావలసినది ఎండ. రోజుకు అయిదారు గంటల నిండు ఎండ తగులనిచో అది ఆకులు వేయునే గాని పూయదు. నీరు పోసినప్పుడు వేళ్లకు దిగునట్లు పోసి, పైమట్టి బాగుగా ఎండువరకు మరల పోయరాదు. దయతో దినదినము నీరు పోసి, పశువుల ఎరువు దండిగా వేసినచో తీగ ఏపుగా పెరుగును, పూవులు మాత్రము కరవగును. కొంచెము ఇరుకు కుండీ దానికి మేలే చేయును. ఒక విడత పూత ముగిసిన వెంటనే కొమ్మలను కత్తిరింపవలెను. వేళ్లు పెళుసైనవి గనుక కుండీ మార్చునప్పుడు మట్టిగడ్డ చెదరకుండ చూడవలెను. ముండ్లుండుటచే పిల్లలు తిరుగు దారికి కొంత ఎడముగా నాటుట మంచిది.

రాధామనోహరము కుండీలో ఎక్కువకాలము సుఖపడదు. దానికి నేల కావలెను. గోడకు మూడడుగుల దూరమున లోతైన గొయ్యి, మాగిన ఎరువు, బలమైన పందిరి కావలెను. ఎండయే మేలు గాని, కొంత నీడను కూడ అది ఓర్చుకొనును. వేసవిలో మొదలు ఎండిపోనీయరాదు. ఎండుటాకులు పరచినచో తేమ నిలుచును. క్రొత్త కొమ్మలపైననే పూయును గనుక పూత ముగిసిన పిదప ఏటేట నిర్దాక్షిణ్యముగా కత్తిరింపవచ్చును. వేళ్ల నుండి పుట్టు పిలకలను తీసివేయనిచో రెండేండ్లలో ఆవరణమంతయు దానిదే యగును.

ఇప్పుడు మన వీధులను చూడుడు. ఆవరణలు పోయి అంతస్తుల భవనములు లేచినవి. 2020 ఫిబ్రవరి 7న మొదలైన మెట్రో రైలు నారాయణగూడ, చిక్కడపల్లి మీదుగా ఎత్తైన వంతెనపై పోవుచున్నది. అట్టి నీడ పడు బాల్కనీలో కాగితపుపూల తీగను పెట్టి, పూయలేదని వగచుట వృథా. మేడపై నిండు ఎండ కలవారికి అదియే తగినది. అశోక్ నగర్ గదులలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువకుడు నాలుగు దినములు నీరు పోయుట మరచినను అది కోపగింపదు. నేలమీద నాలుగడుగుల చోటు మిగిలియున్న భవనపువారు మాత్రము దానిని సిమెంటుతో కప్పక, అందు రాధామనోహరము నాటి, కూరగాయలు, బియ్యము కడిగిన నీటిని దానికి పోయింప వేడుచున్నాము. సాయంకాలపు పరిమళము అన్ని అంతస్తులకును అందును.

మరియొక మనవి. పాత ఇల్లు కూల్చునప్పుడు తలుపులకు, దూలములకు కొనువారుందురు; తీగకు ఎవ్వరు నుండరు. ఎన్నియో ఏండ్లు పూచినది ఒక పూటలో మట్టిపాలగును. కూల్చివేతకు ముందు వచ్చు వర్షాకాలమున కాగితపుపూల తీగ నుండి పెన్సిలు లావు ముదురు కొమ్మలను జానెడు పొడవున కోసి, ఇసుక కలిపిన మట్టిలో గ్రుచ్చవలెను. రాధామనోహరమునకైనచో వేరు పిలకను మట్టితో సహా త్రవ్వి తీయవలెను. ఇరుగుపొరుగులకు రెండు మూడు మొక్కలు పంచినచో, ఇల్లు పోయినను ఆ వీధిలో దాని పూవు మిగులును.