సైబరాబాద్ ఊరిపేర్లలో నేల చరిత్ర

హైటెక్ సిటీ చరిత్రను 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటినుండి చెప్పడం పరిపాటి. అయితే ఇక్కడ కాలినడకన తిరిగేవారికి అంతకు పూర్వపు నేల ఊరిపేర్లలో గోచరిస్తుంది.

మాదాపూర్‌ను ఆనుకొని ఉన్న దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు అందించిందని ప్రతీతి. గచ్చిబౌలిలోని ‘బౌలి’ అంటే దిగుడుబావి. కొండాపూర్ పేరులో కొండ ఉంది. కొత్తగూడ, ఖాజాగూడలలోని ‘గూడ’ చిన్న పల్లెను సూచిస్తుంది. నీరు, రాయి, పల్లె అనే మూడూ ఈ పేర్లకు మూలాలు.

2019లో ప్రారంభమైన పక్కపక్క మెట్రో స్టేషన్లలో ఒకటి హైటెక్ సిటీ, మరొకటి రాయదుర్గం. ఒకటి కొత్త నగరాన్ని, మరొకటి పాత ఊరిని చెబుతాయి. బండలు పగిలి, బావులు పూడిన చోట ఊరిపేరే చారిత్రకాధారం. దానిని మార్చితే ఆ ఆధారమూ చెరిగిపోతుంది.