తుపాకియు, తాళపుచెవియు

తెలుగువారి మాటలలో తుపాకి వినబడినంతగా తెలుగువారి యిండ్లలో కనబడదు. చిక్కక తిరుగువానిని గూర్చి "తుపాకి దెబ్బకు కూడ దొరకడు" అనుచుందుము. కోతలు కోయువానికి తుపాకి రాముడని పేరు పెట్టుదుము. ఆ పగటివేషగాని భుజముమీది కొయ్యతుపాకి యెన్నడును పేలదు. పేలునది అతని నోరు మాత్రమే. అయినను ఈ పదము మనది కాదు. తురుష్కుల భాషలో పుట్టి, సైన్యముల వెంట దక్కనునకు దిగివచ్చి, మన పల్లెలలో స్థిరపడిపోయినది.

ఇటీవల మా గ్రామీణ కార్యక్రమమునకు పలమనేరు వైపునుండి ఒక రైతు లేఖ వ్రాసెను. అతని తండ్రినాటి సింగిల్ బ్యారెల్ తుపాకి ఒకటి అతని పేర లైసెన్సులో నున్నది. దానికి తోడుగా ఒక డబుల్ బ్యారెల్ తుపాకిని చేర్చుకొనవలెనని అతని కోరిక. రెండవ తుపాకి యెందులకు, రెండింటిని ఇంటిలో నెచట నుంచెదవు, తాళపుచెవి యెవరియొద్ద నుండును అని అధికారులు ప్రశ్నించిరట. "నా సొమ్ముతో కొన్న వస్తువును నా యింటిలో నే నెచట నుంచిన వారికేమి?" అని అతని ప్రశ్న. ప్రశ్న న్యాయముగనే తోచును. కాని దీనికి సమాధానము నేటి నిబంధనలలోకంటె మన సీమ చరిత్రలో ఎక్కువగా కలదు.

చిత్తూరు సీమ కనుమల సీమ. మైసూరు పీఠభూమినుండి ఆర్కాటు మైదానమునకు దిగు సైన్యములకు ఇది దారి. 1740లో ఆర్కాటు నవాబు దోస్త్ అలీఖాన్ మహారాష్ట్రులతో పోరాడి మరణించినది దామలచెరువు కనుమయొద్దనే. 1782 డిసెంబరులో హైదరాలీ కన్నుమూసినది చిత్తూరునకు సమీపమున నున్న నరసింగరాయనిపేట దండులోనే. ఇన్ని సైన్యములు నడచిన దారిలో తుపాకి యనునది కేవలము రాజుల వస్తువుగా నిలువజాలదు. అది పాళెగాండ్ర చేతికి, వారి బంటుల చేతికి చేరెను.

విజయనగర రాజులు 1565 తరువాత పెనుగొండకును, పిదప చంద్రగిరికిని తరలిరి. ఆ రాజ్యము క్షీణించినకొలది ఈ కొండల నడుమ పాళెగాండ్ర బలము పెరిగెను. బంగారుపాళెము, కల్లూరు, పులిచెర్ల, పాకాల, నరగంటి మున్నగు పాళెములు ఇట్టివి. పాళెగాడు ఊరికి కావలి కాయును. అందులకు రైతులనుండి కావలి రుసుము పుచ్చుకొనును. దొంగతనము జరిగినచో సొత్తు రాబట్టవలసిన బాధ్యత అతనిదే. కాని రుసుము చెల్లింపని ఊరిని దోచువాడును పెక్కుతావుల అతడే అయ్యెను. కాపలా తుపాకియు, దోపిడి తుపాకియు ఒకే భుజముమీద నుండెను. ఆ తుపాకికి లెక్క లేదు, తాళము లేదు. అడుగువాడు అంతకన్నను లేడు. మన సీమలో ఆయుధము చుట్టు అల్లుకొన్న భయమునకు మొదలు ఇచటనే యున్నది.

1792 నాటి ఒప్పందముతో పాళెగాండ్ర పేష్కషును వసూలుచేయు అధికారము ఈస్టిండియా కంపెనీకి వచ్చెను. 1801లో కర్ణాటక రాజ్యమంతయు దాని వశమాయెను. కంపెనీవారు పాళెగాండ్ర కావలి హక్కులను తొలగింపబూనిరి. 1804 ప్రాంతమున చిత్తూరు పాళెగాండ్రు తిరుగబడిరి. కంపెనీ సైన్యము అడవికోటలలో వారిని అణచివేసెను. నేటి మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములు అప్పుడు దత్తమండలములలోనివి; అచట 1800 మొదలు 1807 వరకు థామస్ మన్రో అధికారి. ఆ మండలముల పాళెగాండ్రు ఎనుబదిమంది వరకు నుండిరి. వారి బలగములను విడగొట్టి, శిస్తును రైతునుండి నేరుగా వసూలు చేయుట అతని పద్ధతి. దోపిడి తగ్గెను, అది మేలే. కాని ఊరి రక్షణ ఊరి చేతినుండి జారిపోయెను. కావలివాడు పోయెను గాని, పొలముపై బడు అడవిపంది పోలేదు.

ఆయుధములపై నిర్బంధము దేశమంతటికి వచ్చినది 1857 తిరుగుబాటు పిమ్మట. ఆ సంవత్సరమున ఒక చట్టము, 1860లో మరియొకటి, తుదకు లిట్టన్ ప్రభువు కాలమున 1878 నాటి ఆయుధముల చట్టము వచ్చినవి. దేశభాషా పత్రికల నోరు కట్టిన చట్టమును అదే సంవత్సరమున వచ్చినది. 1878 చట్టముక్రింద లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి నుంచుకొనరాదు. ఐరోపావారికి మాత్రము మినహాయింపు. మన పొరుగుననున్న కొడగు జాతివారికి పూర్వమునుండి ప్రత్యేకమైన మినహాయింపు కలదు. అది నేటికిని కొనసాగుచున్నది. అనగా ఆ చట్టము మొదట అడిగినది తుపాకి యెట్లుండునని కాదు, నీ వెవడవని. 1918లో గాంధీజీ ఖేడా జిల్లాలో యుద్ధమునకు సైనికులను చేర్చుచు ప్రకటించిన కరపత్రములో, ఒక జాతిని నిరాయుధను చేసిన ఈ చట్టమును బ్రిటిషు పాలనలోని మిక్కిలి చెడు కార్యములలో నొకటిగా లెక్కించెను. అహింసా వ్రతుడే ఆ మాట చెప్పుట గమనింపదగినది. ఆయన బాధ తుపాకి లేదని కాదు, నమ్మకము లేదని.

ఇక భద్రత మాట. ప్రజల తుపాకులను అంత జాగ్రత్తగా లెక్కించిన ఆ ప్రభుత్వము తన తుపాకులను ఎట్లు దాచుకొన్నది? దీనికి ఉదాహరణకై మన సీమను విడిచి విశాఖ, గోదావరి మన్యములకు పోవలెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై బడి, మూడింటిలో కలిపి 26 తుపాకులను, రెండువేలకు పైగా తూటాలను తీసికొనిపోయెను. ఆ మన్యవీరుని సాహసమును తెలుగుజాతి యెన్నటికిని మరువదు. ఆ కథలో మరియొక సత్యమును కలదు. సరిగా కాపాడలేని తుపాకి, కొన్నవానికి కాక, మొదట దానిని చేరినవానికి లోబడును. వాడు వీరుడు కావచ్చును, దొంగ కావచ్చును, ఇంటిలోని పసివాడును కావచ్చును.

స్వాతంత్ర్యోద్యమము ఈ విషయమును మరువలేదు. 1931లో కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కులలో, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును చేర్చిరి. 1948 డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తున హెచ్. వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగములో చేర్పవలెనని ప్రతిపాదించెను, పరిషత్తు అంగీకరింపలేదు. దేశ విభజన కాలపు నెత్తురు అప్పటికింకను ఆరలేదు. తుపాకి హక్కుగా కాక, నియమములకు లోబడిన అనుమతిగా నిలిచెను.

ఆ అనుమతికి రూపమిచ్చినది 1959 నాటి ఆయుధముల చట్టము. అది 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. పాత చట్టమునకును దీనికిని గల భేదము రైతులు తెలిసికొనదగినది. పంట రక్షణకొరకు గొట్టము ముందునుండి మందు కూరు తుపాకికి లైసెన్సు ఈయవచ్చునని ఈ చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. అది చాలదని తోచినచో, లోపల మరలు లేని నున్నని గొట్టపు తుపాకికిని ఈయవచ్చును. తగినంత ఆస్తి లేదను ఒక్క కారణముచేత ఎవనికిని లైసెన్సు నిరాకరింపరాదు. నిరాకరించినచో కారణమును వ్రాసియుంచవలెను. పై అధికారికి అప్పీలు చేసికొనవచ్చును. జాతి, బిరుదు, భూమి అను మూడు తూనికరాళ్లును తొలగిపోయినవి.

వానికి మారుగా మరి రెండు తూనికలు వచ్చినవి. ఒకటి సంఖ్య, రెండవది భద్రత. 1983 సవరణ ఒక మనుష్యుడు మూడు తుపాకులకు మించి యుంచుకొనరాదనెను. 2019 డిసెంబరులో ఆ సంఖ్య రెండునకు దిగెను. మూడవది యున్నవారు దానిని ఏడాదిలోపల పోలీసు ఠాణాలోగాని, లైసెన్సుగల వర్తకునియొద్దగాని అప్పగింపవలసివచ్చెను. తాతతండ్రులనుండి సంక్రమించిన తుపాకియు ఈ లెక్కలోనిదే. కనుక మన రైతు అడిగిన రెండవ తుపాకియే చట్టము ఒప్పు తుది తుపాకి.

దానిని చేర్చుకొను క్రమము కష్టమైనది కాదు, ఓపిక కావలసినది. జిల్లా అధికారికి దరఖాస్తు పెట్టవలెను. పోలీసువారి నివేదిక రావలెను. అనుమతి దొరకిన పిదపనే కొనవలెను. కొన్న తుపాకిని చూపి, దాని నంబరును, బోరును లైసెన్సు పుస్తకములో వ్రాయించుకొనవలెను. పన్నెండు బోరు అను మాటకు అర్థము పలువురకు తెలియదు. ఒక పౌను సీసమును పన్నెండు సమానమైన గుండ్లు చేసినచో, ఒక గుండునకు ఎంత వ్యాసముండునో ఆ గొట్టమునకు అంత వ్యాసము. నంబరు వ్రాయని తుపాకి, బిల్లు ఎంత సక్రమమైనదైనను, చట్టము దృష్టిలో దొంగతుపాకియే.

2016 నాటి ఆయుధముల నిబంధనలు భద్రతకు పెద్దపీట వేసినవి. తుపాకిని భద్రముగా నుంచుటకును, జాగ్రత్తగా వాడుటకును దరఖాస్తుదారు వ్రాతపూర్వకముగా హామీ యీయవలెను. పోయినచో వెంటనే ఠాణాకు తెలుపవలెను. ఎన్నికలు ప్రకటించినప్పుడు లైసెన్సుదారుల ఆయుధములను పరిశీలించి, ఠాణాలలో అప్పగింపజేయుట రాయలసీమ పల్లెలకు క్రొత్త కాదు. పెండ్లి ఊరేగింపులో సంతోషముకొద్ది పేల్చి ఇతరుల ప్రాణమునకు ముప్పు తెచ్చినచో, 2019 సవరణ ప్రకారము రెండేండ్ల వరకు ఖైదుగాని, లక్ష రూపాయల వరకు జుల్మానాగాని, రెండునుగాని పడవచ్చును.

మరియొక మాట. తుపాకి లైసెన్సు వేట లైసెన్సు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి వేరుగా నిలిచియున్నది. 1980 దశకమున ఏనుగులు మన సరిహద్దు అడవులలోనికి వచ్చినవి. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. అప్పటినుండి పలమనేరు, కుప్పము రైతులు ఎన్ని రాత్రులు మేలుకొనిరో వారికే తెలియును. చెరకును, వరిని తొక్కిన ఏనుగుపై తుపాకి నెత్తుటకు ఏ లైసెన్సును అనుమతి యీయదు. ఆ నష్టమునకు పరిహారము అడుగవలసినది అటవీశాఖను. అడవిపందిని చంపుటకును ఆ శాఖ అనుమతి వేరుగా నుండవలెను. రైతు కష్టము దీనితో తీరినదని మేము చెప్పజాలము. ఆ కష్టమును రెండవ తుపాకియు పూర్తిగా తీర్పదని మాత్రము చెప్పవలెను.

ఇక అతని ప్రశ్నకు వత్తము. "నా యింటిలో నే నెచట నుంచిన వారికేమి?" పాళెగాని నాడు ఈ ప్రశ్న అడుగువాడు లేకపోయెను, అందుచేత ఊరు భయపడెను. దొరల నాడు అడిగిరి గాని, జాతిని చూచి అడిగిరి. అందుచేత మనము అవమానపడితిమి. నేడు అడుగుచున్నది ఇనుపబీరువాను గూర్చి, తాళమును గూర్చి. ఇది అవమానము కాదు. రైతును నమ్మిన తరువాత అడుగు ప్రశ్న ఇది. అతని యింట పిల్లలున్నారు, పొరుగున పిల్లలున్నారు. తూటాలు తీసిన తుపాకిని ఒకచోట, తూటాలను వేరొకచోట తాళమువేసి యుంచి, చెవిని తన మొలత్రాటనే కట్టుకొనిన రైతు, తన పొలమునకు మాత్రమే కాక తన ఊరికిని కావలి కాచినవాడగును. పాళెగాండ్రు రుసుము పుచ్చుకొనియు సరిగా చేయలేకపోయిన పని యిదే.