రాతిలో నిలిచిన బాల్యము: ఓవిలూ తునిల్లీ చరిత్రము

పరోపకారము చేసినవారు తమ కార్యములను గూర్చి వ్రాసికొనిన గ్రంథములు లోకమున ననేకములు గలవు. ఉపకారమును పొందినవారు, అందును పసిబిడ్డలు, అది తమ కెట్లుండెనో చెప్పుకొనిన సందర్భములు మిక్కిలి యరుదు. అట్టి సాక్ష్యమును రాతిపై చెక్కి విడిచిపోయిన యొక స్త్రీ చరిత్ర నిచ్చట సంగ్రహముగా దెలుప దలచినాము. ఆమె పేరు ఓవిలూ తునిల్లీ.

కెనడా దేశపు టుత్తరభాగమున బాఫిన్ దీవి దక్షిణతీరమునందలి కాంగియా యను వేటమజిలీలో 1949వ సంవత్సరమున నామె జన్మించెను. ఆ జాతివారిని పూర్వము భూగోళపాఠములలో ఎస్కిమోలని వ్రాయుచుండిరి. వారు తమ్ము దాము చెప్పుకొను పేరు ఇనూయిట్. వారి భాషలో నా మాటకు మనుష్యులని యర్థము. అది చెట్టు మొలవని నేల. ఏటిలో బెక్కుమాసములు సముద్రము గడ్డకట్టి యుండును. సీలు, తిమింగిలము, కారిబూ యను జింకజాతి మృగము: వీనివలననే వారికి ఆహారము, వస్త్రము, దీపమునకు చమురు లభించుచుండెడివి. ఓవిలూ తండ్రి టూనూ వేటకాడు, శిల్పి. తల్లి షియోజుక్ వార్ధక్యమున బొమ్మలు గీయుటయందు బేరొందెను.

ఇనూయిట్లు తరతరములుగా దంతముతోను ఎముకతోను రాతితోను చిన్న చిన్న బొమ్మలు చేయుచునే యుండిరి. స్థిరవాసము లేనివారగుట చేతిలో నిముడు వస్తువులే వారికి తగియుండెను. అమ్మకమునకై పెద్దవిగ్రహములు చెక్కుట మాత్రము క్రొత్తవృత్తి. 1948లో జేమ్స్ హ్యూస్టన్ అను యువచిత్రకారుడు హడ్సన్ అఖాతపు తూర్పుతీరమునకు బోయి, అచ్చటి బొమ్మలను జూచి యాశ్చర్యపడి కొన్నిటిని దెచ్చెను. 1949లో మాంట్రియల్ నగరపు హస్తకళాసంఘమువారు ఇట్టివానిని ప్రదర్శించి యమ్మకమునకు పెట్టగా మూడుదినములలో నన్నియు నమ్ముడుపోయెను. అది నక్కతోళ్ల వెలలు పడిపోయి వేటకాండ్రు దారిద్ర్యమున నున్న కాలము. కావున నీ శిల్పము వారికి గూడుపెట్టు వృత్తి యయ్యెను. కేప్ డార్సెట్ గ్రామమున 1959లో వారి సహకారసంఘము చట్టరీత్యా నేర్పడెను. ఈ గ్రామమునకు 2020లో కిన్‌గాయిట్ అను పూర్వనామమే తిరిగి లభించినది.

ఈ కాలముననే ప్రభుత్వము వారి జీవితములలో మిక్కిలిగా ప్రవేశించెను. ఇనూయిట్లకు ఇంటిపేరులు లేవు.  దొరతనమువారి పట్టికల కిది యిబ్బందిగా దోచి, 1941 మొదలుకొని ప్రతిమనుష్యునకు నొక సంఖ్య వేసి, ఆ సంఖ్య గల బిళ్లను మెడలో గాని చేతికి గాని ధరింపుమనిరి. ఇంటిపేరులు పెట్టి యీ పద్ధతిని మాన్పుటకు 1970 ప్రాంతము వరకు బట్టెను. ఇంతలో క్షయవ్యాధి ప్రబలెను. 1950 నుండి సి. డి. హౌ అను ఓడ యేటేట వైద్యులతోను ఎక్స్‌రే యంత్రముతోను తీరమువెంట దిరుగుచుండెను. వ్యాధి కనబడినవారిని తరచుగా ఓడనుండి మరల నొడ్డునకు దిగనీయకయే దక్షిణదేశపు వైద్యశాలలకు గొనిపోవుచుండిరి. 1956 నాటికి ఇనూయిట్లలో నేడుగురి కొకరు దక్షిణపు క్షయవైద్యశాలలలో నుండిరి.

ఓవిలూ అట్లు గొనిపోబడిన పిల్లలలో నొకతె. 1955 మొదలు 1958 వరకు నామె మానిటోబా రాష్ట్రపు వైద్యశాలలలో గడపెను. వ్యాధి కుదిరెను, ఇది మరువరానిది. ఆ వైద్యము లేకున్న మన మామె పేరు వినియుండము. కాని యిల్లు చేరునప్పటికి ఆ బాలిక మాతృభాష మరచిపోయెను. తల్లితో మాటాడుటకు మరల మొదటినుండి నేర్చుకొనవలసివచ్చెను. దేహము బాగుపడి యింటికి వచ్చిన బిడ్డ తన యింట దానే పరాయిదయ్యెను.

తండ్రి పనిచేయుచుండగా జూచి యామె శిల్పము నేర్చెను. 1966లో, పదునేడవ యేట, తల్లి బిడ్డల ప్రతిమను మొదట చెక్కెను. ఆ ప్రాంతపు రాయి సర్పెంటినైట్. బలపపురాతికంటె గట్టిది, పచ్చనిది, మెరుగెక్కునది. వేసవిలో మంచు కరగినపుడు పడవలమీద బోయి దూరపు గనులనుండి దానిని తేవలెను. దుమ్ము రొమ్మునకు హాని చేయును గనుక శిల్పులు చలికాలమునను ఆరుబయటనే పనిచేయుదురు. అందుచేత నిది పురుషుల పనియే యని పలువురి తలంపు. పిల్లలను బెంచుచు నామె దానిని విడువలేదు. ఆకురాయి, గొడ్డలి, పిదప విద్యుత్తుతో నడచు సానయంత్రము: అన్నిటిని చేపట్టెను.

కొనువారు ఎలుగుబంట్లను, సీలులను, వేటకాండ్రను కోరుచుండిరి. ఓవిలూ వానితో దృప్తిపడక స్త్రీలను చెక్కెను. సముద్రాధిదేవతయగు సెడ్నాను చెక్కెను. మద్యము త్రాగి స్మృతిదప్పి పడియున్న యాడుదానిని చెక్కెను. కన్నకూతురు చిన్నవయసుననే మరణింపగా, మొగము దాచుకొని యేడ్చు స్త్రీలను చెక్కెను. ఈ పడియున్న స్త్రీని జూచినవానికి పరిహాసము దోపదు. ఆమె నచ్చట పడవైచిన దెవ్వరని యడుగ బుద్ధిపుట్టును.

వీనిలో మిక్కిలి తలపదగినది 1991–92లో జేసిన 'ఇది నా జీవితమును తాకినది' అను శిల్పము. బాల్యమున వైద్యశాలకు గొనిపోబడిన నాటి జ్ఞాపకము దీనికి విషయము. టోపీలనుండి వ్రేలాడు మేలిముసుగులు మొగములను గప్పిన స్త్రీలు, మోటారుబండి, వారి నడుమ చిన్నపిల్ల. ఆ స్త్రీలు దుష్టులు కారు. వారి మొగములు కనబడవు, అంతియే. మొగము తెలియని దయ యొక బిడ్డ కెట్లుండునో ముప్పదియైదేండ్ల పిమ్మట నా బిడ్డయే రాతిలో జెప్పినది. దీనిని కెనడా జాతీయచరిత్ర వస్తుప్రదర్శనశాలవారు భద్రపరచిరి.

2003లో రాయల్ కెనడియన్ కళాపరిషత్తు ఆమెను సభ్యురాలిగా నెన్నుకొనెను. 2014 జూన్ మాసమున నామె పుట్టకురుపు వ్యాధిచే మరణించెను. 2016లో విన్నిపెగ్ చిత్రశాలయం దామె శిల్పములు ప్రదర్శింపబడెను. 2019 మార్చి 8వ తేదీని కెనడా ప్రధానమంత్రి ఇకాలుయిట్ పట్టణమునకు వచ్చి, క్షయరోగులయెడ ప్రభుత్వము నడచిన తీరునకు ఇనూయిట్లను క్షమాపణ వేడెను. దక్షిణమున మరణించినవారి సమాధు లెచ్చటనున్నవో వెదకి వారి కుటుంబములకు దెలుపుటకు యత్నము సాగినది. పెక్కు కుటుంబములకు తమవారు చనిపోయిన వార్తయైన నప్పుడు చేరలేదు.

సంస్కారమును గోరు మన కీ చరిత్రమున నొక హెచ్చరిక గలదు. వైద్యము మంచిది, విద్య మంచిది, ఆరోగ్యమంతకంటె మంచిది. అయిన నెవరి మేలుకొరకు యత్నించుచున్నామో వారి నడిగితిమా, వారి భాషలో నొక్కమాటయైన జెప్పితిమా, ఎప్పుడు తిరిగి యింటికి బంపుదుమో తల్లికి దెలిపితిమా యని మొదట విచారింపవలెను. ఆ ముసుగును దొలగించుటకు ధనమక్కరలేదు. ఆ పిల్ల కోరియుండిన దంతమాత్రమే.