బల్ల మీది మనిషి

మన దేశంలో ఆధునిక వైద్యవిద్య కథ చెప్పేవాళ్లు ఎక్కువగా 1836 దగ్గర మొదలుపెడతారు. అంతకు ముందు ఏడాదే పెట్టిన కలకత్తా మెడికల్ కాలేజీలో పండిట్ మధుసూదన గుప్తా మనిషి శవం మీద కత్తి పెట్టాడు. అది జనవరి 10 అని కొందరు, అక్టోబర్ 28 అని కొందరు రాశారు. ఆయన గౌరవార్థం ఫోర్ట్ విలియం నుంచి ఫిరంగులు పేల్చారన్న మాట కూడా ప్రచారంలో ఉంది. మధుసూదనుడు బెంగాలీ వైద్యుల కులంలో పుట్టినవాడు, సంస్కృత కళాశాలలో ఆయుర్వేదం చెప్పినవాడు, ఇంగ్లీషు శరీరశాస్త్ర గ్రంథాన్ని సంస్కృతంలోకి తెచ్చినవాడు. శవాన్ని తాకితేనే మైల అనుకునే సమాజంలో ఆ పని చేయడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఊహించుకోవచ్చు. ఆ సాహసాన్ని తగ్గించి చెప్పాల్సిన పనిలేదు. అయితే ఈ కథను మనం మూఢనమ్మకం మీద విజ్ఞానం సాధించిన గెలుపుగా మాత్రమే చెప్పుకుంటూ వచ్చాం. కత్తి పట్టినవాడి పుట్టుపూర్వోత్తరాలు తెలుసు, ఆయన చిత్రపటం ఉంది. ఆ రోజు బల్ల మీద పడుకోబెట్టిన మనిషి ఎవరో మాత్రం ఈ కథల్లో ఎక్కడా రాదు. శరీరశాస్త్రం ముందుకు సాగడానికి అడ్డుపడింది నమ్మకం ఒక్కటే కాదనీ, అంతకన్నా పెద్ద చిక్కు శవం ఎవరిది అన్న ప్రశ్న అనీ నా వాదన. ఆ ప్రశ్నకు లండన్, కలకత్తా ఒకే జవాబు చెప్పుకున్నాయి. వచ్చి అడిగే దిక్కులేని పేదవాడిది.

ముందుగా నమ్మకం సంగతి చూద్దాం. శవాన్ని పరీక్షించడం మన దేశానికి 1836లో కొత్తగా తెలిసిన విషయం కాదు. సుశ్రుత సంహిత శారీరస్థానం అయిదో అధ్యాయంలో ఆ పద్ధతి వివరంగా ఉంది. అవయవాలన్నీ ఉన్న శరీరం కావాలి. విషం వల్ల పోయినది, దీర్ఘరోగంతో చిక్కిపోయినది, నూరేళ్లు నిండినది పనికిరాదు. పేగుల్లోని మలం తీసేసి, ముంజగడ్డి, చెట్టుబెరడు, దర్భ, జనుము లాంటివాటితో చుట్టి, పంజరంలో పెట్టి, వడి లేని ఏటిలో మరుగైన చోట నానబెట్టాలి. ఏడు రాత్రులు గడిచాక బయటికి తీసి, వట్టివేళ్లు, వెంట్రుకలు, వెదురు మొదలైనవాటితో కట్టిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుతూ చర్మం మొదలుకొని లోపలి అంగాల దాకా ఒక్కొక్కటీ కంటితో చూసుకోవాలి. కోయడం లేదు, పొరపొరగా ఊడదీయడమే. శాస్త్రంలో చదివినదీ కంటితో చూసినదీ రెండూ కలిస్తేనే జ్ఞానం పెరుగుతుందన్నది ఆ అధ్యాయం పట్టుదల. ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. వారం నీళ్లలో నానిన దేహంలో ఎముకలు, కీళ్లు చక్కగా తేలతాయి కానీ మెదడు, నరాలు, సన్నని రక్తనాళాలు అప్పటికే చివికిపోతాయి. సుశ్రుతుడు 300 ఎముకలు లెక్కపెట్టాడు, చరకుడు 360 అన్నాడు, నేటి విద్యార్థి పెద్దవాళ్లలో 206 అని నేర్చుకుంటాడు. పాత లెక్కల్లో మృదులాస్థినీ పళ్లనూ కూడా ఎముకలతో కలిపారు, చరకుడు గోళ్లను సైతం చేర్చాడు. కాబట్టి ఆ తేడాలో చాలా భాగం చూపులోని లోపం కాదు, దేన్ని ఎముక అనాలి అన్నదాని గురించిన అభిప్రాయభేదం. మరుగైన చోట పెట్టమన్నారంటే అంటూముట్టూ అప్పటికీ ఉన్నట్టే అనిపిస్తుంది. అయినా పని ఆగలేదు. శరీరం ఎలా ఉండాలో అంత వివరంగా చెప్పిన గ్రంథం, అది ఎవరిదై ఉండాలో, ఎలా సంపాదించాలో మాత్రం చెప్పలేదు.

యూరప్‌లో ఆ ప్రశ్నకు జవాబు ఉరికొయ్య దగ్గర దొరికింది. పన్నెండు వందల ఏళ్లకు పైగా అక్కడి వైద్యులు నమ్ముకున్న గేలెన్ కోతులను, పందులను, ఎద్దులను కోసి చూసినవాడు. మనిషి కింది దవడలో రెండు ఎముకలున్నాయని ఆయన రాశాడు. మెదడు అడుగున రక్తనాళాల అద్భుతమైన వల ఒకటి ఉందనీ, ప్రాణశక్తి అక్కడే మనోశక్తిగా మారుతుందనీ చెప్పాడు. పాడువాలో బోధించిన ఆండ్రియాస్ వెసేలియస్ మనుషుల దేహాలను స్వయంగా కోసి చూసి, దవడ ఒకటే ఎముక అని, ఆ వల గొర్రెల్లో, ఎద్దుల్లో ఉంటుందే తప్ప మనిషిలో లేదని తేల్చి, 1543లో బాసెల్‌లో తన మహాగ్రంథం అచ్చువేయించాడు. వల లేదన్నాక దాని మీద కట్టిన శరీరధర్మ సిద్ధాంతానికి కాళ్లు లేకుండా పోయాయి. నిర్మాణం తెలియకుండా పనితీరు తెలియదన్న మాటకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆ ఏడాదే బాసెల్‌లో మరణశిక్ష పడిన యాకోబ్ కారర్ అనే నేరస్థుణ్ణి వెసేలియస్ కోసి, అస్థిపంజరం కూర్చాడు. అది నేటికీ ఆ ఊరి మ్యూజియంలో ఉంది. బల్ల మీద పడుకున్నవాళ్లలో చరిత్రకు పేరు మిగిలింది ఎక్కువగా నేరస్థులకే. వాళ్ల మీద విచారణ జరిగింది, కాగితాల్లో పేరు ఎక్కింది.

బ్రిటన్‌లో ఇది చట్టమే అయింది. హంతకుల శవాలను పూడ్చనివ్వకుండా కోతకు అప్పగించాలని 1752 నాటి చట్టం శాసించింది. ఉరి చాలదని, ఉరి తర్వాత పడే మరో శిక్షగా కోతను పెట్టారు. విద్యార్థులు పెరిగారు, ఉరిశిక్షలు వాళ్ల అవసరానికి సరిపోలేదు, సమాధులు తవ్వి శవాలు ఎత్తుకొచ్చే దొంగలు పుట్టుకొచ్చారు. ఎడిన్‌బరాలో బర్క్, హేర్ అనే ఇద్దరికి తవ్వే శ్రమ కూడా అనవసరం అనిపించింది. హేర్ ఇంట్లో అద్దెకుండి బాకీపడి చనిపోయిన ముసలి సిపాయి శవాన్ని శరీరశాస్త్రం చెప్పే డాక్టర్ రాబర్ట్ నాక్స్ దగ్గర ఏడున్నర పౌండ్లకు అమ్మారు. ఆ తర్వాత ఏడాదిలోపే 16 మందిని చంపారు. చలికాలంలో శవానికి 10 పౌండ్లు, ఎండాకాలంలో 8. శవాన్ని నిలవ ఉంచే ఫార్మలిన్ ఇంకా రాని రోజులవి, వేడికి శవం నిలవదు, ధరలోనే ఆ సంగతి ఉంది. బోలోనా ఆచార్యుడు మోండినో కాలం నుంచీ ముందు కడుపు, తర్వాత ఛాతీ, ఆపైన తల, చివర కాళ్లూచేతులూ అన్న వరసలో కోత నేర్పింది కూడా ముందుగా కుళ్లేవాటిని ముందు చూడాలనే. హతుల్లో వీధుల్లో అందరికీ తెలిసిన మందమతి కుర్రాడు ఒకడున్నాడు. బల్ల మీద అతణ్ణి చూసి విద్యార్థులే గుర్తుపట్టారు. 1829 జనవరి 28న బర్క్‌ను ఉరితీసి, అతణ్ణీ కోశారు.

ఈ గొడవ తర్వాత 1832లో వచ్చిన అనాటమీ చట్టం హంతకుల శవాలను కోయడం ఆపేసింది. వాళ్ల బదులు పేదల ఆశ్రమాల్లో, ఆస్పత్రుల్లో చనిపోయి బంధువులెవరూ రాని పేదల శవాలను ఇచ్చింది. నిన్నటిదాకా హత్యకు శిక్షగా ఉన్నది ఇవాళ పేదరికానికి శిక్ష అయిందని ఆనాడే విలియం కాబెట్ లాంటి రచయితలు మండిపడ్డారు. బంధువులెవరూ లేకపోవడం ఒకటి, బంధువులుండీ పాతిపెట్టే ఖర్చు లేకపోవడం ఇంకొకటి. చట్టం రెంటినీ ఒకే గాటన కట్టేసింది. ఆనాటి విలువలు వేరు, ఈనాటి కళ్లతో చూడకూడదని ఎవరైనా అంటే, ఇది ఈనాటి తీర్పు కాదని చెప్పాలి. 1829లో పెట్టిన మొదటి బిల్లు ప్రభువుల సభలో నిలవక వెనక్కి పోయింది. తత్వవేత్త జెరెమీ బెంథామ్ తన శరీరాన్నే కోతకు రాసిచ్చి, 1832 జూన్‌లో కన్నుమూశాడు. మిత్రుడు సౌత్‌వుడ్ స్మిత్ అందరి ముందూ ఆ కోత చేశాడు. ఇష్టపడి ఇవ్వడం అనే మార్గం అప్పటికే కళ్లముందు ఉంది. దాన్ని వదిలి, కాదనలేనివాళ్ల నుంచి తీసుకునే మార్గాన్ని పార్లమెంటు ఎంచుకుంది.

ఇప్పుడు కలకత్తాకు వద్దాం. కాలేజీ లెక్కల ప్రకారం 1837లో విద్యార్థుల ముందు కోసిన శవాలు 60, మరుసటి ఏడాది 120, 1844కల్లా 500 పైచిలుకు. మైల భయమే అసలు అడ్డంకి అయితే ఏడేళ్లలో అది ఎనిమిదింతలు కరిగిపోయిందనుకోవాలి. బెంగాల్‌లో ఏ ఆచారమూ అంత తొందరగా కరగలేదు. పై కులాల విద్యార్థి చేతికి సంకోచం ఉన్నది నిజమే, మధుసూదనుడి ఘనత ఆ సంకోచాన్ని పోగొట్టడంలోనే ఉంది. కానీ బల్ల మీదికి వచ్చే శరీరాలకు అనుమతి అడిగినవారు లేరు. కరువులకూ కలరాకూ కొదవలేని మహానగరం ఆస్పత్రుల్లో దిక్కులేని చావులకు లోటు లేదు. లండన్‌లో ఆచార్యులు శవాల కోసం వెతుక్కుంటుంటే ఇక్కడ ఆ ఇబ్బంది రాలేదు. అంతేకాదు, ఆ తర్వాత వందేళ్లకు పైగా కలకత్తా నుంచి శుభ్రం చేసి, తీగతో కూర్చిన అస్థిపంజరాలు ప్రపంచంలోని వైద్య కళాశాలలకు ఓడలెక్కాయి. 1985లో భారత ప్రభుత్వం ఎగుమతి నిషేధించేదాకా విదేశీ విద్యార్థి పెట్టెలోని పుర్రె, తొడ ఎముక తరచుగా ఏ బెంగాలీ, బీహారీ పేదవాడివో అయ్యేవి. ఎముకలే కాదు, బొమ్మలదీ ఇదే కథ. 1858లో వచ్చిన శరీరశాస్త్ర గ్రంథం గ్రేస్ అనాటమీకి బొమ్మలు గీసిన హెన్రీ వాండైక్ కార్టర్ అదే ఏడాది బొంబాయి చేరి గ్రాంట్ మెడికల్ కాలేజీలో పాఠం చెప్పాడు. నేటికీ వైద్య విద్యార్థులు ఆరాధించే ఆ బొమ్మల వెనకా లండన్ పేదల దేహాలే ఉన్నాయి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఆ శవాలు లేకపోతే శస్త్రచికిత్స ఎక్కడిది? ధమని ఎక్కడుందో తెలియని చేయి బతికినవాణ్ణి చంపుతుంది, పోయినవాడికి నొప్పి తెలియదు కదా అంటారు. మొదటి మాట పూర్తిగా ఒప్పుకుంటాను. చర్మం కింద ఏముందో చేత్తో తడిమి నేర్చుకున్న వైద్యుడికీ, బొమ్మలో చూసిన వైద్యుడికీ తేడా రోగి ప్రాణం మీదే తేలుతుంది. రెండో మాటే నిలవదు. నష్టం పోయినవాడిది కాకపోవచ్చు, మిగిలినవాళ్లది. 1832 సెప్టెంబర్‌లో మాంచెస్టర్ కలరా ఆస్పత్రిలో పోయిన చిన్న పిల్లవాడి శవపేటికను తాత తెరిపించాడు. తల లేదు, దాని స్థానంలో ఇటుక ఉంది. జనం ఆ ఆస్పత్రి మీద పడి ధ్వంసం చేశారు. ఆస్పత్రికి వెళితే కోసేస్తారన్న భయం పేదల్లో తరతరాలు నిలిచింది, వైద్యం అత్యవసరమైనప్పుడు కూడా వాళ్లను గడప తొక్కనివ్వలేదు. అంటే ఆ చట్టం వైద్యుల కోసం చేసిన మేలులో కొంత, రోగుల్ని దూరం చేసి తానే పోగొట్టుకుంది. పైగా ఫలితం అందరిదైనప్పుడు భారం ఒక్కరి మీదే ఎందుకుండాలి అన్న ప్రశ్నకు, ఫలితం గొప్పదని చెప్పడం జవాబు కాదు.

1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ ఫార్మాల్డిహైడ్‌కు కణజాలాన్ని గట్టిపరచే గుణం ఉందని కనుక్కున్నాక శవం నెలల తరబడి నిలవడం సాధ్యమైంది, తొందర తగ్గింది. చట్టం ఆలోచన మాత్రం మారలేదు. స్వాతంత్ర్యం వచ్చాక చేసిన 1949 నాటి బొంబాయి అనాటమీ చట్టమూ ఎవరూ తీసుకుపోని శవాల మీదే ఆధారపడింది. మారుతున్నది ఇచ్చేవాళ్లు. 2010లో జ్యోతిబసు దేహం కలకత్తా ఎస్‌ఎస్‌కేఎం ఆస్పత్రికి చేరింది. 2024 సెప్టెంబర్‌లో సీతారాం ఏచూరి దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు, అక్టోబర్‌లో ప్రొఫెసర్ సాయిబాబా దేహాన్ని హైదరాబాద్ గాంధీ మెడికల్ కాలేజీకి కుటుంబాలు అప్పగించాయి. పేరులేని వేలమంది మామూలు మనుషులూ ఇప్పుడు ఫారం మీద సంతకం చేసి ఇస్తున్నారు. మొదటి సంవత్సరం విద్యార్థులు డిసెక్షన్ హాల్లో కత్తి పట్టే ముందు, బల్ల మీది మనిషికి కృతజ్ఞత చెబుతూ ప్రమాణం చేసే పద్ధతి చాలా కళాశాలల్లో వచ్చింది. మంచి పద్ధతి. ఆ రోజే ఇంకొక పాఠం కూడా చేర్చమని నేను అడుగుతాను. వెసేలియస్, మధుసూదన గుప్తా పేర్లతో పాటు 1832 చట్టం, కలకత్తా ఎముకల ఎగుమతి, తమ కళాశాలకు శవాలు ఇన్నాళ్లూ ఎక్కడి నుంచి వచ్చాయన్న రికార్డు, ఇవన్నీ మొదటి ఏడాది పాఠ్యాంశంలో ఉండాలి. మన వైద్య కళాశాలలు శతాబ్ది సంచికలు అచ్చువేసినప్పుడు ప్రిన్సిపాళ్ల జాబితాతో పాటు ఆ రికార్డునూ అచ్చువేయాలి.