థెరపిస్టు రాని రోజులు: గుడ్లవల్లేరు మండలం ఆధారంగా బడి వాక్చికిత్స ప్రణాళిక సామగ్రిపై పరిశీలన

బడిలో వాక్చికిత్సకు ప్రణాళిక అనగానే థెరపిస్టు సంచిలోని కాగితాలు గుర్తొస్తాయి: పిల్లల జాబితా, వారం పట్టిక, లక్ష్యాల పత్రం, బొమ్మల కార్డులు. కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు లాంటి మండలంలో ఆ కాగితాలు ఎవరి చేతిలో ఉండాలన్నదే అసలు ప్రశ్న. స్పీచ్ థెరపిస్టు మండలాల మధ్య తిరిగే మనిషి. బిడ్డ దగ్గర రోజూ ఉండేది తరగతి టీచరు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని సహిత విద్యా రిసోర్స్ టీచరు (ఐఈఆర్‌టీ), ఇంట్లో అమ్మ. కాబట్టి ప్రణాళికను థెరపిస్టు వచ్చే రోజు కోసం కాక, రాని రోజుల కోసం రాయాలన్నది ఈ వ్యాసం వాదన.

చట్టం తన వంతు చేసింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్న ఏడు రకాల వైకల్యాల్లో వాక్-భాషా వైకల్యానికి విడిగా చోటు లేదు. 2016 చట్టం 21 రకాలను గుర్తించి, దాన్నీ చేర్చింది. 2018లో మొదలైన సమగ్ర శిక్షా పథకం ప్రత్యేక అవసరాలున్న ఒక్కో విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయించింది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన, పిల్లల్లో వైకల్యాల ఆనవాళ్లను గుర్తించే ‘ప్రశస్త్’ పత్రంలో మొదటి భాగాన్ని తరగతి టీచరే నింపుతారు. రాష్ట్ర ప్రభుత్వం 2025లో 2,260 ప్రత్యేక విద్యా టీచర్ల పోస్టులను మంజూరు చేసింది. మంచిదే. కానీ ప్రత్యేక విద్యా టీచరుది ఒక చదువు, వాక్చికిత్సకులది మరో చదువు. మొదటివారి చేతికి రెండోవారి తెలివి అందే దారి లేకపోతే పోస్టులు నిండినా ‘ర’ పలకని బిడ్డ అక్కడే ఉంటాడు.

ఆ దారికి పెద్ద అడ్డు భాష దగ్గరే ఉంది. చేతికి సులువుగా దొరికే అభ్యాస పత్రాలు ఎక్కువగా ఇంగ్లీషు పిల్లల కోసం తయారైనవి. వాటిలో ఒక్కో ధ్వనికి మూడు గళ్లు: మాట మొదట, మధ్య, చివర. తెలుగుకు వచ్చేసరికి మూడో గడి దాదాపు ఖాళీ. అన్నం, పుస్తకం వంటి మాటల చివరి మకారాన్నీ, కొన్ని అరువు మాటలనూ పక్కన పెడితే మన మాటలు అచ్చుతోనే ముగుస్తాయి. ఆ గడిని ఎలాగైనా నింపాలని ‘బుక్’, ‘కప్’ అని పలికిస్తే తెలుగు బిడ్డకు ఒరిగేది తక్కువ. మరోవైపు తెలుగులో అర్థాన్నే మార్చేసే రెండు భేదాలకు, అంటే అచ్చు నిడివికీ హల్లు ద్విత్వానికీ, ఆ పత్రాల్లో గడే లేదు. నలుగు-నాలుగు, గడి-గడ్డి జంటలను బిడ్డ విని పోల్చుకోగలడా, పలికి తేడా చూపగలడా అన్నది మన పత్రంలో మొదటి పేజీలో ఉండాలి.

ఇంకో జాగ్రత్త. భోజనాన్ని ‘బోజనం’, గణితాన్ని ‘గనితం’ అనే పిల్లవాడు తన ఇంటి తెలుగు మాట్లాడుతున్నాడు. అది చికిత్సకు పంపాల్సిన లోపం కాదు. ఆరేళ్లు నిండాక కూడా కాలవను ‘తాలవ’, గేదెను ‘దేదె’ అంటుంటే మాత్రం చూడాల్సిందే. ఒత్తు పలకలేదని బిడ్డకు పేరు పెట్టేసే తొందర బళ్లలో లేకపోలేదు. ‘ప్రశస్త్’ నింపబోయే టీచరుకు ఈ తేడా చెప్పే ఒక్క పేజీ తెలుగులో ఇస్తే, పంపకూడని పిల్లలు కొందరు తగ్గుతారు, పంపాల్సినవారికి సమయం మిగులుతుంది.

మాటల పట్టికకు దూరం పోనక్కర్లేదు. క, గలకు కాలవ, గేదె, గట్టు. ట, డలకు బుట్ట, పడవ, గడ్డి. రకారానికి వరి, రొయ్య. మండలంలోని కౌతవరం, వడ్లమన్నాడు పిల్లలకు వీటిని బొమ్మ చూపించి పరిచయం చేయాల్సిన పని లేదు.

పట్టిక వేళలు కూడా పంటను బట్టే ఉండాలి. జూన్‌లో బడి తెరవగానే సార్వా పనులు మొదలు. నాట్లప్పుడూ కోతలప్పుడూ కూలికి వెళ్లే తల్లిని మధ్యాహ్నం భవిత కేంద్రానికి రమ్మంటే రాలేదు. ఆమెది అశ్రద్ధ అని రాసుకోవడం అన్యాయం. తల్లులకు నేర్పే పని నాట్లకు ముందు ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి పెట్టుకోవాలి. దివిసీమలో లెక్క వేరు. పంటు ఎక్కితేగాని చేరలేని ఎదురుమొండి దీవులకు అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలంలో వారం వారం వెళ్తామని రాసుకున్న ప్రణాళిక కాగితం మీదే మిగులుతుంది. అక్కడ నెలకొకసారి వెళ్లి, నెలకు సరిపడా పని టీచరు దగ్గర వదిలి రావడమే నిజాయితీ. వినికిడి సంగతీ ప్రణాళికలో ఉండాలి. వినికిడి పరీక్ష కాని బిడ్డకు ఉచ్చారణ లక్ష్యాలు రాయకూడదు. వినికిడి యంత్రాన్ని తీర తేమ నుంచి కాపాడే పొడి డబ్బా, అదనపు బ్యాటరీలు కూడా సామగ్రి కిందికే వస్తాయి.

ఇక సమయం. అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్ 2002లోనే బడి థెరపిస్టుల పనిని పిల్లల తలల లెక్కతో కాక, మొత్తం పనిభారంతో తూచాలని చెప్పింది. అక్కడ కొన్ని చోట్ల మూడు వారాలు పిల్లలతో గడిపి, నాలుగో వారాన్ని టీచర్లతో సంప్రదింపులకూ సామగ్రికీ కేటాయిస్తారు. ఇది మనకూ అవసరమే. థెరపిస్టు వారానికొకసారి అరగంట ఇచ్చారనుకుందాం. టీచరు రోజుకు అయిదు నిమిషాల చొప్పున ఆరు రోజులు ఇస్తే మరో అరగంట. ఖర్చు లేకుండా అభ్యాసం రెట్టింపు. అయితే ఆ అయిదు నిమిషాల్లో ఏం చేయాలో నోటుబుక్కులో నాలుగు వాక్యాల్లో రాసి ఉండాలి, అది రాసే సమయాన్ని కూడా ఉద్యోగంలో భాగంగానే లెక్కించాలి.

నాలుగో వారం ఎక్కడ గడపాలో వెతకనక్కర్లేదు. జిల్లా విద్యా శిక్షణ సంస్థ, డైట్, ఈ మండలంలోని అంగలూరులోనే ఉంది. రేపటి ప్రాథమిక టీచర్లు చదివేది అక్కడే. థెరపిస్టు ఎంచిన మాటలకు ఛాత్రోపాధ్యాయులు బొమ్మల పుస్తకాలు తయారుచేయవచ్చు. భవిత కేంద్రంలో కూర్చుని పిల్లల మాట వినడం నేర్చుకోవచ్చు. ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు. జిల్లా సమగ్ర శిక్షా అధికారులు, డైట్ అధ్యాపకులు కలిసి వచ్చే జూన్‌లో బడి తెరిచేలోగా తమ వార్షిక ప్రణాళికలో ఈ నాలుగో వారాన్ని చేర్చాలి.