మరబొమ్మ గొంతు వెనక మనిషి

తిరిగే టేబుల్ ఫ్యాను ముందు కూర్చుని పిల్లలు "ఆ..." అని అరవడం మీరు చూసే ఉంటారు. చిన్నప్పుడు మనమూ అరిచినవాళ్లమే. రెక్కలు గొంతును ముక్కలు ముక్కలుగా కోసి వెనక్కి పంపిస్తే, ఇది నా గొంతేనా అని నవ్వొచ్చేది. పెళ్లి ఊరేగింపుల్లోనూ, గణపతి నిమజ్జనంలోనూ డీజే పెట్టెల్లోంచి వినపడే ఇనప గొంతు ఉందే, అది ఈ ఫ్యాను ఆటకు పెద్దన్న లాంటిది. దాని కథ మీతో ముచ్చటించాలని ఉంది. యంత్రాల గొడవ మనకెందుకని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో ఆడవాళ్ల సంగతే ఎక్కువ.

నాకీ ధ్యాస ఎట్లా పట్టిందో ముందు చెప్పాలి. మాది మేడ్చల్. మా పెద్దమ్మ వాళ్లది శామీర్‌పేట. సద్దుల బతుకమ్మనాడు ఆవిడ పాట ఎత్తుకుంటే పక్క వాడల ఆడవాళ్లు కూడా వచ్చి ఆ వలయంలోనే కలిసేవారు. మా అక్క కొడుకు ఒక గదిలో కంప్యూటరూ రెండు స్పీకర్లూ పెట్టుకుని డీజే పాటలు తయారుచేస్తుంటాడు. ఇటు చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లకు తక్కువ లేదు గనక వాడికి పనికీ తక్కువ లేదు. వాడొకనాడు పెద్దమ్మ పాట ఫోనులో పట్టుకుపోయి, నాలుగు రోజుల తర్వాత దరువు వేసి, గొంతు మార్చి తెచ్చి వినిపించాడు. ఆవిడ చివరిదాకా కదలకుండా విన్నది.

"గిది నా గొంతు గాదు బిడ్డా. గా డబ్బల ఎవరో కూసొని నన్ను ఎక్కిరిస్తున్నరు" అన్నది.

"నీదే అమ్మమ్మా! వోకోడర్ ఏసిన, గంతే" అని వాడు నవ్వాడు.

ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చుకుందామనే నేను ఈ చరిత్రంతా తిరగేశాను.

వోకోడర్ పాటకోసం పుట్టింది కాదు. అమెరికాలో బెల్ టెలిఫోన్ పరిశోధనశాలలో హోమర్ డడ్లీ అనే ఇంజనీరు 1928 ప్రాంతంలో ఈ పని మొదలుపెట్టాడు. సముద్రం అడుగున వేసిన తంతి తీగల్లో టెలిగ్రాం చుక్కలూ గీతలూ పోతాయిగాని మనిషి మాట పట్టదు, అంత సన్నని దారి అది. మాటను చిన్న మూటగా కట్టి పంపడమెట్లా అన్నది ఆయన తిప్పలు. ఆయన గమనించిందేమంటే, మనం మాట్లాడేటప్పుడు రెండు పనులు జరుగుతాయి. గొంతులో బుర్రుమని ఒక మోత పుడుతుంది. దాన్ని నాలుక, పెదవులు, దవడ కలిసి మాటగా మలుస్తాయి. మోత సెకనుకు వందలసార్లు కంపిస్తుంది. నోటి కదలిక దానితో పోలిస్తే చాలా నిదానం. కచేరీలో మోర్సింగ్ వాయించేవారిని చూడండి. మోత ఇనప నాలుకది, దాన్ని పలికించేది వారి నోరు. అదే సూత్రం.

డడ్లీ యంత్రం మాటను కొన్ని జల్లెళ్లలో పోసి, సన్న ధ్వని ఎంత, లావు ధ్వని ఎంత అని ఎప్పటికప్పుడు కొలుస్తుంది. ఆ కొలతలు మాత్రమే అవతలికి పంపుతుంది. అవతలి కొసన ఉన్న యంత్రం తన సొంత మోత తీసుకుని, ఈ కొలతల ప్రకారం మళ్లీ మాటగా మలుస్తుంది. సంగీతం వాళ్లు ఆ సొంత మోత స్థానంలో కీబోర్డు స్వరాన్ని పెడతారు. అప్పుడు కీబోర్డే మాట్లాడినట్టుంటుంది. అంటే ఆ డీజే పాటలో మా పెద్దమ్మ నోరు ఉంది, పెద్దమ్మ గొంతు లేదు. మనవడూ అబద్ధమాడలేదు, అమ్మమ్మా పొరపడలేదు.

ఇక అసలు ముచ్చట. ఈ యంత్రానికి చెల్లెలి వరస అయినది ఇంకోటి ఉంది, పేరు వోడర్. 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో దాన్ని జనానికి చూపించారు. దీనికి మనిషి గొంతే అక్కర్లేదు, మీటలు నొక్కితే మాట్లాడుతుంది. నొక్కేదెవరు? టెలిఫోను ఎక్స్చేంజీల్లో పనిచేసే ఆడపిల్లలు! మూడు వందల మందికి పైగా పరీక్షించి ఇరవై, ముప్పైమందిని ఏరుకున్నారు. ఒక్కొక్కరికీ ఏడాదిపాటు తర్ఫీదు. పది వేళ్లకు పది మీటలు. క, ట, ప లాంటి హల్లులు టప్పున తెగి పలకడానికి వేరే మీటలు. మణికట్టు కింద ఒక కడ్డీ, మోత కావాలో బుస కావాలో అది తేలుస్తుంది. స్వరం పెంచడానికీ తగ్గించడానికీ కాలికింద పెడలు. వీణ నేర్చినవాళ్లకు ఈ కష్టం తెలుస్తుంది. హెలెన్ హార్పర్ అనే ఆవిడ అందులో ఆరితేరింది. ఒకే చిన్న వాక్యాన్ని ఒక్కోసారి ఒక్కో మాటమీద ఊనిక వేసి పలికించేవారు. చూడవచ్చిన జనమంతా యంత్రం మాట్లాడుతోందని నోళ్లు వెళ్లబెట్టారు. మాట్లాడింది యంత్రమేగాని, మాట్లాడించింది ఆ పిల్ల పది వేళ్లు.

ఆ రోజుల్లోనే ఆల్వినో రే అనే గిటారు విద్వాంసుడు తన గిటారు చేత మాట్లాడించి పేరు తెచ్చుకున్నాడు. తెర వెనక ఆయన భార్య లూయీస్ కింగ్ గొంతుకు మైకు తగిలించుకుని నిలబడి, గిటారు ధ్వనిని తన నోటితో మాటలుగా మలిచేది. తెర ముందు చప్పట్లు ఎవరికో చెప్పనక్కర్లేదు.

యుద్ధం వచ్చాక వోకోడర్ రహస్యాల పెట్టె అయింది. 1943 నుంచి చర్చిల్, రూజ్‌వెల్ట్ వంటి పెద్దలు మాట్లాడుకోవడానికి సిగ్‌సలీ అనే యంత్రం వాడారు. యాభై టన్నుల పైచిలుకు బరువు. లండనులో దాన్ని సెల్ఫ్‌రిడ్జెస్ అనే పెద్ద దుకాణం నేలమాళిగలో దాచారు. పైన చీరె సారె బేరాలు, కింద యుద్ధం మాటలు!

పాటలోకి అది గట్టిగా వచ్చింది 1971లో, 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' అనే సినిమాలో. వెండీ కార్లోస్ అనే సంగీతజ్ఞురాలు బీథోవెన్ తొమ్మిదో సింఫనీలోని బృందగానాన్ని వోకోడర్‌తో పాడించింది. లోపలి కంఠం రేచల్ ఎల్కిండ్ అనే ఆవిడది. పదేళ్లకు, 1981లో, లారీ ఆండర్సన్ 'ఓ సూపర్‌మాన్' పాటతో ఇంగ్లండులో అమ్మకాల పట్టీలో రెండో స్థానానికి ఎక్కింది. ఈసారి తెర లేదు. తన గొంతును తానే మరగొంతు చేసుకుని, తన పేరుతోనే పాడింది. నాకు మాత్రం అదే పెద్ద మలుపుగా తోస్తుంది.

ఇప్పుడు మన పిల్లలు ఎక్కువగా వాడేది వోకోడర్ కాదు, ఆటోట్యూన్. భూమిలోకి ధ్వని పంపి నూనె ఎక్కడుందో లెక్కగట్టే పనిచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ దీన్ని 1997లో తెచ్చాడు. ఒకసారి భోజనాల దగ్గర తోటి ఉద్యోగి భార్య, తనను శ్రుతిలో పాడించే పెట్టె ఒకటి చెయ్యమని నవ్వులాటకు అడిగిందట. అక్కడినుంచి పుట్టింది ఆలోచన. తప్పిన స్వరాన్ని మెల్లగా దగ్గరి స్వరానికి లాగితే విన్నవారికి తెలియదు. ఏమాత్రం వ్యవధి ఇవ్వకుండా లాగితే గొంతు మెట్లు మెట్లుగా గెంతుతుంది. 1998లో షేర్ పాడిన 'బిలీవ్'లో కావాలనే అట్లా లాగారు. చేసినవాళ్లు మొదట్లో వేరే పరికరం పేరు చెప్పి గుట్టు దాచుకున్నారు కూడా.

మన పాటకు దెబ్బ ఇక్కడే తగులుతుంది. గమకం అంటే ఏమిటి? స్వరానికీ స్వరానికీ మధ్య నడక. హార్మోనియంలో ఆ నడక పలకదనే కదా, ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించి 1971 దాకా గడప తొక్కనివ్వలేదు! నాకది మరీ చాదస్తం అనిపించేది. ఆ పాట విన్నాక అంతగా అనిపించడం లేదు. బతుకమ్మ పాటలో పాదం చివర పెద్దమ్మ ఒక సాగుడు సాగదీస్తుంది. అది ఏ మెట్టుమీదా నిలవదు. అట్లాంటి సాగుడును ఆటోట్యూనుతో గట్టిగా లాగితే యంత్రానికి అది తప్పుగా కనబడి, చప్పున సర్దేస్తుంది.

తమాషా చూడండి. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వాళ్లు కంప్యూటరు చేత తెలుగు చదివించి, అది మనిషిలా వినపడాలని ఏళ్ల తరబడి పరిశోధనలు చేశారు. ఇటు మేడ్చల్లో మావాడు మనిషి గొంతు కంప్యూటరులా వినపడాలని రాత్రంతా మేలుకుంటాడు. నేనేం వాణ్ణి తప్పుపట్టడం లేదు. ఆ పాటకు పిల్లలంతా ఎగిరారు, నేనూ కాస్త కాలు కదిపాను.

తప్పు ఇంకోచోట జరిగింది. "అసలు పాట ఏదిరా?" అని అడిగితే వాడు తల గోక్కున్నాడు. ఫోను నిండిపోయిందని చెరిపేశాడట. మార్చిన పాటలోంచి పెద్దమ్మ గొంతు వెనక్కి తియ్యమన్నాను. అట్లా రాదన్నాడు. నిజమే, జల్లెడలోంచి పారేసింది జల్లెట్లో దొరకదు. ఈ ఏడు ఆవిడకు ఆయాసం. పై స్థాయి అందడం లేదు.

మీ ఇళ్లలోనూ పాడే పెద్దవాళ్లుంటారు. పిల్లలు వాళ్ల పాట పట్టుకుపోతే పోనివ్వండి, ఎన్ని వేషాలైనా వెయ్యనివ్వండి. ముందు పచ్చి పాట ఒకటి, ఏమీ కలపకుండా, రెండు మూడుచోట్ల భద్రం చెయ్యమనండి. పాడినవాళ్ల పేరూ, ఊరూ, తేదీ దానిమీద రాయించండి.

మావాడు పోయిన ఆదివారం మళ్లీ శామీర్‌పేట వచ్చాడు. పెద్దమ్మ మంచంమీద కూర్చుంది. ఎత్తుకోబోయి ఆగి, "గా ఫ్యాను బందు జెయ్యి బిడ్డా, గొంతు కోస్తది" అన్నది. వాడు లేచి ఆపాడు. ఉక్కగానే ఉంది. ఆవిడ కింది స్థాయిలో మొదలుపెట్టింది.