కొలిచి కొలిచి పోగొట్టుకున్న పిల్ల

2015 జూన్ 6న అమెరికాలోని అట్లాంటిక్ సిటీ ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికే సినీ నటి ఆర్తి అగర్వాల్‌లో ఊపిరి లేదు. అప్పటికి ఆమెకు 31 ఏళ్లు. కొద్ది వారాల ముందే ఒంట్లోని కొవ్వు తీయించుకునే లైపోసక్షన్ చేయించుకుంది. ఆ తర్వాత ఊపిరాడక అవస్థ పడిందని ఆమె మేనేజరు చెప్పారు. గుండె ఆగిందని వార్తలొచ్చాయి. ఆ సర్జరీయే ప్రాణం తీసిందని తీర్పు చెప్పే అర్హత నాకు లేదు, అది వైద్యులు చెప్పాల్సిన మాట. నాకు తెలిసిందల్లా ఒక్కటే. మన ఇళ్లలో సొంత పిల్లలా తిరిగిన అమ్మాయి, ఒంటి బరువు దించుకునే ప్రయత్నంలో ఉండగానే దాటిపోయింది.

ముగింపు ముందే తెలిసిన కథ ఇది. అందుకే ఆమె పాత సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా నవ్వొచ్చే చోటికి రాకముందే గుండె పట్టేస్తుంది. ఆ పిల్లకు ఏం జరగబోతోందో చూసేవాళ్లకు తెలుసు, తెర మీది పిల్లకు తెలియదు.

2001 సెప్టెంబరులో 'నువ్వు నాకు నచ్చావ్' విడుదలైంది. వెంకటేష్ హీరో, విజయభాస్కర్ దర్శకుడు, త్రివిక్రమ్ మాటలు. పెళ్లి కుదిరిన పెద్దింటి అమ్మాయి నందినిగా ఆర్తి. అప్పుడు మా విజయవాడ పటమటలో ఏ వీధిలోకి వెళ్లినా ఆ డైలాగులే. గాంధీనగర్ హాళ్లలో చూసొచ్చినవాళ్లు ఇంటి అరుగు మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పేవాళ్లు. చూడనివాళ్లు కూడా చూసినట్టే నవ్వేవాళ్లు. ఆ తర్వాత టీవీలో ఎన్నిసార్లు వేసినా, వంటింట్లో పోపు వేస్తున్న ఆడవాళ్లు స్టవ్ తగ్గించి హాల్లోకి వచ్చి నిలబడేవాళ్లు. కథంతా తెలుసు, అయినా నందిని ముఖంలో బెట్టు కరిగి చిరునవ్వు మొలిచే చోటు మళ్లీ చూడాలి. హడావుడి చేసే అందం కాదు ఆమెది. పక్కింటి మేడ మీద బట్టలు ఆరేస్తూ కనిపించే అమ్మాయిలా ఉండేది.

ఆ నందిని మాట్లాడిన తెలుగు మాత్రం ఆర్తిది కాదు. ఆమె న్యూజెర్సీలో గుజరాతీ కుటుంబంలో పుట్టి పెరిగింది. 14 ఏళ్ల వయసులో ఫిలడెల్ఫియాలో జరిగిన ఒక కార్యక్రమంలో నటుడు సునీల్ శెట్టి ఆమెను వేదిక మీదికి పిలిచి డాన్సు చేయించి, ఈ అమ్మాయిని సినిమాల్లోకి పంపమని తండ్రికి చెప్పారంటారు. హిందీలో 'పాగల్‌పన్' తర్వాత తెలుగుకి వచ్చింది. మనం మురిసిపోయి విన్న గొంతు డబ్బింగ్ కళాకారిణిది. ఇన్నేళ్లు ఇంత దగ్గరగా చూసుకున్న పిల్ల సొంత గొంతు మనలో చాలామందికి తెలియదంటే ఎంత దిగులుగా ఉంటుందో చెప్పలేను.

ఆపైన ఆమెకు ఊపిరి తీసుకునే తీరిక దొరకలేదు. 2002 సంక్రాంతికి తరుణ్‌తో 'నువ్వు లేక నేను లేను'. అదే ఏడాది జూలైలో వారం తేడాతో జూనియర్ ఎన్టీఆర్‌తో 'అల్లరి రాముడు', చిరంజీవితో 'ఇంద్ర'. 2003లో బాలకృష్ణతో 'పలనాటి బ్రహ్మనాయుడు', మళ్లీ వెంకటేష్‌తో 'వసంతం'. 2004లో నాగార్జునతో 'నేనున్నాను', ప్రభాస్‌తో 'అడవి రాముడు'. చిరంజీవి, బాలకృష్ణ, నాగార్జున, వెంకటేష్, నలుగురు అగ్ర హీరోల పక్కనా నటించేసరికి ఆమెకు 21 కూడా నిండలేదు.

ఆ వయసు సంగతి ఒక్కసారి తలచుకోవాలి. 1984 మార్చి 5న పుట్టిన పిల్ల, నందినిగా తెర మీదికొచ్చేనాటికి 17 ఏళ్లది. విజయవాడలో 17 ఏళ్లంటే ఇంటర్ చదివే వయసు. కాలేజీ హాస్టళ్ల గేట్ల దగ్గర ఆదివారం వచ్చిందంటే ఊళ్లనుంచి అమ్మానాన్నలు క్యారేజీలు పట్టుకుని నిలబడతారు. గోంగూర పచ్చడి సీసా, అరిసెలు, ఒక జత ఉతికిన బట్టలు. చెట్టుకింద దుప్పటి పరిచి, ముద్దలు కలిపి పెడుతూ, 'చిక్కిపోయావే తల్లీ' అని కళ్లు తుడుచుకుంటారు. ఆ పిల్లలు మార్కులు తగ్గాయని ఏడ్చినా, తిండి సయించడం లేదన్నా ఊరుకోబెట్టేవాళ్లు ఉంటారు. అదే ఈడు పిల్ల, భాష తెలియని చోట, 40 దాటిన హీరోల పక్కన లైట్ల వేడిలో నిలబడింది. ఆమెను కోట్లమంది చూశారు. పొద్దున లేచింది మొదలు మేకప్పు, కాస్ట్యూములు, కొలతలు. అద్దం ముందే గడిచిపోయిన కౌమారం అది.

2005లో ఆమె తన ప్రాణం తానే తీసుకోబోయిందన్న వార్త వచ్చింది. బతికింది. ఆ రోజుల్లో పత్రికలు రాసిన ప్రేమ కథల్నీ, అందులోని పేర్లనీ ఇక్కడ మళ్లీ రాయను. అప్పుడే చాలినంత రాశారు. ఆ వార్త చదివిన మనం ఎవరి వల్ల అని అడిగాం, నిజమా అబద్ధమా అని అరుగుల మీద వాదించుకున్నాం. 21 ఏళ్ల పిల్లకు కొన్నాళ్లు అన్నీ మానేసి ఇంటిపట్టున ఉండాల్సిన అవసరం ఉందన్న ఊహ ఆ వాదనల్లో ఎక్కడా వినబడలేదు. అప్పటికి మన దగ్గర మనసుకు వైద్యం అంటే పిచ్చికి వైద్యం అనే అనుకునేవాళ్లు. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లామని తెలిస్తే పెళ్లి సంబంధాలు చెడతాయని భయపడే కాలం. కథ మలుపు తిరగగలిగిన మొదటి చోటు అదేనని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. 2006లో కింద పడి తలకు దెబ్బ తగిలి ఆమె మళ్లీ ఆసుపత్రి పాలైంది. అదే ఏడాది హాస్యనటుడు సునీల్‌తో 'అందాల రాముడు' వచ్చింది. హాలు నవ్వుల్లో పడి ఆ దెబ్బ సంగతి అందరం మరిచాం.

ఆ తర్వాత ఆమె గురించి మాట వచ్చినప్పుడల్లా వినబడింది బరువు గురించే. లావైంది, ముఖం ఉబ్బింది, మునుపటిలా లేదు. మన కృష్ణా జిల్లా పెళ్లిళ్లలో బంధువులు పలకరించేది కూడా ఇలాగే కదా. చేతిలో కాఫీ గ్లాసు పెడుతూనే 'ఏంటమ్మా, ఇంత ఒళ్లు చేశావు?' అంటారు. అభిమానంతోనే అంటారు. విన్నవాళ్లు నవ్వి ఊరుకుంటారు, ఇంటికెళ్లాక అన్నం సయించదు, లేదంటే అర్ధరాత్రి లేచి రెండింతలు తింటారు. ఒత్తిడి నెలల తరబడి ఉంటే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. అది ఆకలిని, ముఖ్యంగా తీపి మీద, నూనె వంటకాల మీద యావను పెంచుతుంది. నిద్ర చెడితే ఆ యావ ఇంకా ఎక్కువ. దిగులుగా ఉన్న మనిషిని లావయ్యావని పొడిస్తే దిగులు పెరుగుతుంది, దిగులుతో పాటే బరువూ పెరుగుతుంది.

2007లో ఆమెకు పెళ్లయింది. 2009లో విడిపోయారు. మళ్లీ నటించాలని వచ్చింది, చిన్న సినిమాలు చేసింది. సినిమాల్లో తిరిగి రావాలనుకునే ఆడవాళ్లను మొదట చూసేది నడుమునే అని వేరే చెప్పక్కర్లేదు.

లైపోసక్షన్ గురించి మనవాళ్లలో ఒక పెద్ద అపోహ ఉంది. అది బరువు తగ్గించే వైద్యం కాదు. చర్మం కింద కొన్ని చోట్ల పేరుకున్న కొవ్వును గొట్టంతో లాగేస్తారు, అంతే. కడుపులోపల అవయవాల చుట్టూ ఉండే, ఆరోగ్యాన్ని నిజంగా దెబ్బతీసే కొవ్వు జోలికి అది పోదు. ప్రతి వేసవిలో కాలువలు కట్టేశాక మా కృష్ణా డెల్టాలో పూడిక తీస్తారు. బ్యారేజీ నుంచి కొత్త నీళ్లు వదిలితే ఆ నీళ్ల వెంటే మళ్లీ ఒండ్రు వచ్చి చేరుతుంది. ఒంటి విషయమూ దాదాపు అంతే. 2011లో అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు తుంటి, తొడల దగ్గర కొవ్వు తీయించుకున్న స్త్రీలను ఏడాదిపాటు గమనించారు. తీసిన కొవ్వు ఏడాది తిరిగేసరికి మళ్లీ వచ్చింది. తీసిన చోట కాకుండా పొట్ట పైభాగంలో, చేతుల దగ్గర చేరింది.

ఇక పొట్టను కుదించే సర్జరీలు వేరు. అవి నిజంగానే పనిచేస్తాయి, ఎందరి ప్రాణాలో నిలబెట్టాయి. కానీ వాటి తర్వాత కూడా బరువు తిరిగి రావచ్చని పటమటలో నాకు తెలిసిన ఒక అక్కను చూసి అర్థం చేసుకున్నాను. ఆమెది స్లీవ్ సర్జరీ, జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. మొదటి ఏడాదిన్నర అక్కకు ఆకలే లేదు. చిన్న గిన్నెలో పప్పన్నం పెట్టుకుని చంచాతో అరగంట తినేది. ఇడ్లీ రెండో ముక్కకే చాలనిపించేది. పాత జాకెట్లన్నీ విప్పి కుట్టించుకుంది. ఆ తర్వాత ఇంట్లో కష్టాలు మొదలయ్యాయి. వాటి వివరం నాది కాదు, రాయను. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వేయకుండా, ఫ్రిజ్ తలుపు వెలుతురులో నిలబడి తినేది. ఇడ్లీ దిగని పొట్టలోకి ఐస్‌క్రీం జారిపోతుంది. బూందీ, మిక్చరు పిడికెడు పిడికెడుగా గంటల తరబడి తినొచ్చు, పొట్ట వద్దని చెప్పదు. మూడో ఏడు వచ్చేసరికి తగ్గిన బరువులో సగం మళ్లీ చేరింది.

'డాక్టరు గారి దగ్గరకు ఎందుకు వెళ్లలేదక్కా?' అంటే తలొంచుకుంది. 'బరువు మిషన్ ఎక్కమంటారని భయమేసింది తమ్ముడూ. అంత డబ్బు పోసి మళ్లీ ఇలా వచ్చావేంటని అడుగుతారు కదా.'

అలా అడిగేవాళ్లు ఎవరూ లేరని ఆమెకు తెలియదు. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి 4 వేల మందికి పైగా గమనించిన అధ్యయనంలో, గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవాళ్లు తొలి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే కొంత తిరిగి రావడం ఎవరి తప్పూ కాదు, ఒంటి స్వభావం. ఆ సర్జరీలు చేయించుకున్నవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువ కాలం బతికారనీ అదే అధ్యయనం చెప్పింది. ఫుట్‌బాల్ ఆటగాడు మారడోనా అంతటివాడు 2005లో కొలంబియాలో బైపాస్ చేయించుకుని సన్నబడి, రెండేళ్లు తిరిగేసరికి మద్యం వల్ల కాలేయం చెడి ఆసుపత్రిలో చేరాడు. బైపాస్ తర్వాత మద్యం రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది. తిండిలో దొరకని ఊరటను సీసాలో వెతుక్కునేవాళ్లు కొందరుంటారు. అందుకే సర్జరీకి ముందూ వెనకా మనసు సంగతి కనుక్కునేవాళ్లు ఉండాలని వైద్యులే అంటారు.

అక్కను చివరికి ఆమె చెల్లెలు బలవంతాన తీసుకెళ్లింది. అక్కడి డైటీషియన్ మిషన్ ఎక్కించలేదట. కూర్చోబెట్టి, 'రాత్రిళ్లు నిద్ర పడుతోందా?' అని అడిగిందట. అక్క జవాబు చెప్పలేక పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చిందట. ఆ రోజునుంచి నెలకొకసారి వెళ్తోంది. బరువు కొంచెమే తగ్గింది. రాత్రిపూట వంటింట్లోకి వెళ్లడం మాత్రం మానేసింది.

ఆ డైటీషియన్ అడిగిన మాట విన్నప్పటినుంచి నాకు ఆర్తి మరింత గుర్తొస్తోంది. ఆమె ఇంట్లో, స్నేహితుల్లో అలా అడిగినవాళ్లు ఉండే ఉంటారు, వాళ్ల దుఃఖం ముందు మన దుఃఖం ఎంత. నేను అంటున్నది తెర ముందు కూర్చున్న మన గురించి. పద్నాలుగేళ్లపాటు ఆ పిల్ల ముఖం ఎంత నిండింది, నడుము ఎంత పెరిగింది అని లెక్కపెట్టిన చూపుల గురించి. ఆమె బతికుండగా వచ్చిన చివరి సినిమా 'రణం 2' 2015 జూన్ 5న విడుదలైంది. మర్నాడే ఆమె లేదు.

అన్నిటికన్నా కలుక్కుమనే సంగతి ఇంకొకటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే తెలుగు సినిమాలో ఒక తలుపు తెరుచుకుంటోంది. ఆర్తి తొలి తెలుగు సినిమాకు మాటలు రాసిన త్రివిక్రమే దర్శకుడై, 2013లో 'అత్తారింటికి దారేది'లో నదియాను అత్తగా నిలబెట్టారు. 2015 ఏప్రిల్‌లో, ఆర్తి పోవడానికి రెండు నెలల ముందు, 'సన్నాఫ్ సత్యమూర్తి'లో స్నేహ వచ్చింది. ఆర్తి పోయిన నెలకు 'బాహుబలి'లో రమ్యకృష్ణ శివగామి అయింది. 2017లో 'ఎంసీఏ'లో భూమిక వదినైంది. ఒకప్పటి కథానాయికలు వయసుతో, నిండుదనంతో, ఆ రెండూ దాచుకోకుండా తెర మీదికి తిరిగొస్తున్నారు. జనం వాళ్లను నెత్తిన పెట్టుకున్నారు. ఆర్తి ఇంకొక్క రెండేళ్లు ఓపిక పట్టగలిగి ఉంటే, పట్టనిచ్చేవాళ్లు ఉండి ఉంటే, ఏ వదినగానో, అక్కగానో, కోపం తగ్గని ఏ మేనత్తగానో ఆమె కోసం ఒక పాత్ర తప్పకుండా పుట్టేది. 'అల వైకుంఠపురములో' టబు తల్లిగా కనిపించిన 2020 సంక్రాంతికి ఆర్తి ఉండి ఉంటే ఆమెకు 35 ఏళ్లు.